సయాము కూర – మన సన్నికల్లు

సంఘ సంచికలలో దేవాలయములను గూర్చియు, శాసనములను గూర్చియు, కవులను గూర్చియు వ్రాయుట వాడుక. మేము ఒక కూరను గూర్చి వ్రాయబూనితిమి. పాఠకులు మన్నింతురుగాక. జాతి చరిత్ర రాతిశాసనములయందే గాక, వంటయింటి సన్నికంటి మీదను కొంత నిలిచి యుండునని మా నమ్మకము.

కొంతకాలము క్రిందట విశాఖపట్టణము నుండి బిస్సమ్ కటక్‌లోని మా యింటికి వచ్చిన బంధువులు ఒక చిన్న పొట్లమును తెచ్చిరి. అందులో నున్నది సయాము దేశపు ఆకుపచ్చని కూరకై నూరి సిద్ధముగా నుంచిన ముద్ద. 1939 నుండి ఆ దేశమునకు థాయిలాండ్ అను పేరు వచ్చినది గాని, మన పెద్దలకు నేటికిని అది సయామే. మా యింట శాకాహారులు గలరు గనుక రొయ్యలు చేరని పొట్లమునే వారు వెదకి తెచ్చిరి. దానితోడనే కొబ్బరిపాల డబ్బాయు వచ్చెను.

పొట్లము మీది విధానము నాలుగు పంక్తులు. ఏబది గ్రాముల ముద్దను కొంత కొబ్బరిపాలలో వేయించి, మిగిలిన పాలు పోసి, కూరముక్కలు వేసి ఉడికింపవలయును. మే మట్లే చేసితిమి. రంగు వచ్చెను, వాసన వచ్చెను. రుచి మాత్రము రాలేదు. గంజిలో కారము కలిపినట్లుండెను. మూలను గూర్చుండి చూచుచున్న మా మేనత్తగారు లేచి వచ్చి, “నూనె తేలలేదు నాయనా, ఇంకా పచ్చివాసన పోలేదు. ఎలా బాగుంటుంది?” అనిరి. ఆమెకు ఆంగ్లము రాదు. సయాము ఎక్కడ నున్నదో తెలియదు.

మరునాడు ఆమెయే పొయ్యి యొద్ద నిలిచిరి. డబ్బాలోని పాలు విడిపోకుండుటకై కొన్ని పదార్థములు కలుపుదురు. అందువలన ఎంత కాచినను నూనె సులభముగా వేరుపడదు. ఆమె ఉద్దానము నుండి వచ్చిన కొబ్బరికాయ నొకదానిని కోరించి, మొదటి చిక్కని పాలను వేరుగను, రెండవ పలుచని పాలను వేరుగను తీయించిరి. చిక్కని పాలు సన్ననిసెగను కాగి కాగి విరిగి, అంచున నూనె తేలెను. అప్పుడు ముద్దను అందులో వేయించిరి. ఘాటు తగ్గి కమ్మని వాసన వచ్చిన పిదప వంకాయముక్కలు వేసి, పలుచని పాలు పోసి, ఉప్పును, చిటికెడు బెల్లమును చేర్చిరి. ఆనాటి కూర గిన్నెలో మిగులలేదు.

ఇట్లు నూనె విడుటను సయామువారు ‘తేక్ మన్’ అందురని తరువాత తెలిసికొంటిమి. ‘నూనె తేలుట’ యని మనము దేనిని అందుమో అదియే ఇది. రెండు జాతులవారు ఒకరినొకరు అడుగకయే ఒకే గుర్తును పట్టుకొనిరి. ఈ పోలిక మమ్ము ఆ ముద్ద చరిత్ర వైపు త్రిప్పినది.

సయాము భాషలో పులుసుకూరను ‘కేంగ్’ అనియు, దానికై నూరిన ముద్దను ‘ప్రిక్ కేంగ్’ అనియు అందురు. పచ్చిమిరపకాయలు, వెల్లుల్లి, చిన్న ఉల్లిపాయలు, నిమ్మగడ్డి, అల్లమునకు జ్ఞాతియైన దుంపరాష్ట్రము, కొత్తిమీర వేళ్లు, ముడుతల తొక్కగల యొక నిమ్మజాతి కాయ తొక్క, ధనియాలు, జీలకర్ర, మిరియాలు – ఇవి అందలి ముఖ్యద్రవ్యములు. ఎండుమిరపకాయలతో నూరినచో అది ఎర్రకూర యగును. సాధారణముగా ఉప్పు వేసి పులియించిన రొయ్యలముద్దయు చేరును. దానిపేరు ‘కపి’. 1687లో ఫ్రెంచి రాయబారిగా సయామునకు వెళ్లిన లా లూబేర్, 1691లో అచ్చైన తన గ్రంథమున ఈ కపిని పేర్కొనెను.

ఇక ‘ప్రిక్’ అను మాటను చూడుడు. పూర్వము సయామువారికి ప్రిక్ అనగా మిరియము. అమెరికాఖండమునుండి మిరపకాయ వచ్చి ఆ పేరును తాను గైకొనెను. పాత మిరియము ‘ప్రిక్ థాయ్’, అనగా మన దేశపు ప్రిక్, అని వేరుగా చెప్పవలసి వచ్చెను. మన భాషలో జరిగినదియు ఇంచుమించుగా ఇదియే. మిరియము పేరే మిరపకాయకు అంటినది. ఇచ్చట మాతో కలసి జీవించు ఒడియావారు దానిని ‘లంకా’ అందురు; సముద్రము దాటి వచ్చినదను భావము ఆ పేరున ధ్వనించుచున్నది. పోర్చుగీసువారు గోవాను 1510లోను, మలక్కాను 1511లోను పట్టుకొనిరి. ఆ 1511లోనే వారి దూత సయాము రాజధానియగు అయుధ్యకు చేరెను. మిరప ఈ రెండు తీరములకును వారి వర్తకమువలననే వచ్చినదని చరిత్రకారుల అభిప్రాయము. 1503లో పరమపదించిన అన్నమాచార్యులవారు గాని, వారికి పూర్వుడగు శ్రీనాథుడు గాని మిరపకాయ కారమును ఎరుగరు. మనము అనాదిగా మనదనుకొను కారము వయస్సు ఐదువందల యేండ్లకు మించదు.

ఆంధ్రతీరమునకును సయామునకును మరి దగ్గర సంబంధమును కలదు. పదునేడవ శతాబ్దమున గోలకొండ సుల్తానుల రేవగు మచిలీపట్టణమునుండి అద్దకపు బట్టలతో నిండిన ఓడలు బంగాళాఖాతము దాటి, అప్పుడు సయాము పాలనలో నున్న మెర్గూయి రేవునకు చేరెడివి. అచ్చటినుండి సరకులు నదులమీదను కొండదారులను అయుధ్యకు పోయెడివి. నారాయణ నామధారియగు నరై రాజు (1656–1688) కొలువున పారశీక వర్తకులు గొప్ప పలుకుబడి గలిగి యుండిరి. సయాము కూరలలో ‘మస్సమన్’ అనునది యొకటి కలదు. అది ‘ముసల్మాన్’ శబ్దభవమని పండితులు చెప్పుదురు. దాల్చినచెక్క, ఏలకులు, లవంగములు, జాజికాయ అందు చేరును. ఆ వంటను ఏ యోడ మోసినదో నిర్ణయింపజాలము గాని, మన రేవునుండి పోయిన వర్తకుల త్రోవ అదియే యని మాత్రము చెప్పవచ్చును.

సముద్రతీరమునుండి మా కొండలకు మరలి వత్తము. బిస్సమ్ కటక్ జయపురము జమీందారీలోని ప్రాంతము. ఆనాడు మద్రాసు రాజధానియందు విశాఖపట్టణము జిల్లాలో నుండెడిది. 1931లో పార్వతీపురము నుండి రాయపూరు వరకు రైలుమార్గము పూర్తియైనది. 1936లో ఒరిస్సా రాష్ట్రమేర్పడి ఈ భాగము కోరాపుట్ జిల్లాయైనది. 1992లో రాయగడ జిల్లా వేరుపడినది. సరిహద్దు మారినను వంటయిండ్లు మారలేదు. తీరమునుండి చింతపండు, ఎండుమిరప, కొబ్బరి రైలులో కొండ యెక్కినవి. బుధవారము చాటికోన సంతకు నియమగిరి వాలులనుండి డంగరియా కొందులు పసుపును, అల్లమును దించి తెత్తురు. మన సన్నికల్లు, పొత్రమునే ఒడియావారు ‘శిల’, ‘శిలపువా’ అందురు. వారు ఆవాలు నూరి ‘బేసర’ చేయుదురు. మనము పనసపొట్టుకూరకు ఆవ పెట్టుదుము. సయాములో రాతిరోళ్లకు పేరుగన్న ఊరు ఆంగ్ సిలా. ఆ పేరులోని ‘సిలా’ మన శిలయే. ఇంత దూరమునను రాతికి పేరు మారలేదు.

అయినచో సిద్ధముగా వచ్చు ముద్దను మనము నిరసింపవలయునా? మే మట్లనము. ఆవకాయ సంవత్సరమునకు సరిపడ సిద్ధము చేసిన ముద్ద గాక మరేమి? 1980లో హైదరాబాదున ప్రియా ఫుడ్స్ వారు ప్రారంభించిన పచ్చళ్ల వ్యాపారము సముద్రములు దాటి తెలుగువారికి తల్లిచేతి రుచిని జ్ఞప్తికి తెచ్చినది. ప్రతిదినము వంగి పొత్రము త్రిప్పిన స్త్రీల భుజములనొప్పిని పాటగా పాడుట సులభము. ఆ నొప్పిని పడుట వేరు. మా మేనత్తగారు మిక్సీ యింటికి వచ్చిన దినమున సంతసించిరే గాని కన్నీరు పెట్టలేదు. పొట్లములోని ముద్ద ఆ శ్రమను తగ్గించుచున్నది. అది మేలే.

కాని మా చింత వేరు. మా బిడ్డలు బడిలో ఒడియాను, ఆంగ్లమును చదువుదురు. వీధిలో ఒడియా పలుకుదురు. అది తప్పుగాదు; ఈ నేల భాష అది. తెలుగు వారికి నిలిచియున్న చోటు వంటయిల్లొకటే. ఆనాడు కూర ఉడుకుచుండగా మే మొక పిల్లవానిని పిలిచి, పెరటిలో బోర్లించియున్న సన్నికంటిని చూపి పేరడిగితిమి. వాడు ‘రాయి’ అనెను. పొత్రము, దోరగా వేపుట, కచ్చాపచ్చాగా నూరుట, పచ్చివాసన పోవుట, నూనె తేలుట – ఈ మాటలు పనితో పుట్టినవి. పని పోయిననాడు పోవును. వానిని తూకము వేసి అమ్మునట్టి అంగడి లేదు. పొట్లములోని ముద్దకు ప్రాణము పోసినది, దానిమీది నాలుగు పంక్తులు కావు. ఒక వృద్ధురాలి నోట నిలిచిన ఒక తెలుగుమాట.

కనుక మా విన్నపమొక్కటే. సయాము ముద్దను తెచ్చుకొనుడు, తిరస్కరింపకుడు. అయితే దానిని వండునపుడు పిల్లలను పొయ్యి యొద్దకు పిలిచి, నూనె తేలుటను చూపి, ఆ మాటను వారిచేత పలికింపుడు. సన్నికంటిని నెలకొకసారి యైనను కడిగి, పండుగ పచ్చడినైనను దానిమీద నూరింపుడు. మా యింటిలో అది మరల తిన్నగా నిలుపబడినది. పిల్లవాడు ఇప్పుడు దానిని పేరుపెట్టి పిలుచుచున్నాడు.