కృత్రిమ గుండెకు ఎదురుపోటు

చోడవరం చుట్టుపక్కల చెరకు రైతు మోటారు కొనేటప్పుడు హార్స్‌పవర్ ఒక్కటే చూడడు. ఎంత ఎత్తుకు ఎన్ని నీళ్లు తోస్తుందో అడుగుతాడు. ప్రయోగశాలలో కృత్రిమ గుండెను అడిగేదీ అదే.

గుండె విషయంలో ఆ ఎత్తును కొలిచినవాడు ఇంగ్లండులోని టెడింగ్టన్ పాదిరీ స్టీఫెన్ హేల్స్. ఆడగుర్రాన్ని వెల్లకిలా కట్టేసి, తొడ ధమనికి పొడవాటి గాజుగొట్టం తగిలించాడు. రక్తం 8 అడుగుల 3 అంగుళాలు ఎగబాకింది. 1733లో ఆ సంగతి అచ్చయింది. మనిషికి సగటు రక్తపోటు 100 మిల్లీమీటర్ల పాదరసం అనుకుంటే, నీటి లెక్కన నాలుగున్నర అడుగులే. తోయాల్సింది నిమిషానికి సుమారు 5 లీటర్లు. పొలం మోటారుకు అదో పనే కాదు!

కానీ ధమనులు ఇనప పైపులు కావు. గుండె కొట్టినప్పుడు ఉబ్బుతాయి, ఆపైన ముడుచుకుంటూ రక్తాన్ని ముందుకు తోస్తాయి. 1899లో శరీరధర్మ శాస్త్రవేత్త ఒట్టో ఫ్రాంక్ ఈ గుణానికి లెక్క కట్టాడు. 1912 నాటికి లండన్‌లో శరీరధర్మ శాస్త్రవేత్త స్టార్లింగ్ బృందం పలచని రబ్బరు గొట్టాన్ని గాజుగదిలో పెట్టి, చుట్టూ గాలి ఒత్తి, ఎదురుపోటును కావలసినంత పెంచింది. నిజానికి ఈ చరిత్రలో పంపు కన్నా, దానికి ఎదురు నిలిచే నకిలీ ఒంటికే ఎక్కువ తెలివి ఖర్చయింది.

1957లో క్లీవ్‌లాండ్‌లో పరిశోధకులు అకుత్సు, కోల్ఫ్ అమర్చిన కృత్రిమ గుండెతో ఒక కుక్క 90 నిమిషాలు బతికింది. జంతువు మీదికి వెళ్లేముందే పంపు గుట్టు తెలియాలంటే ప్రయోగశాల బల్ల మీద నకిలీ రక్తప్రసరణ కావాలి. 1975లో డోనోవన్ అనే పరిశోధకుడు అలాంటి నమూనాను వివరంగా ప్రచురించాడు. గదుల్లో కింద ద్రవం, పైన గాలి. ఆ గాలే ధమని సాగుడుకు నకలు. ఇలాంటి బల్లల మీద రక్తం చిక్కదనం కోసం నీళ్లలో గ్లిజరిన్ కలుపుతారు. గొట్టం మీది బిగింపు తిప్పితే రోగి పోటు పెరిగినట్టే. అప్పుడు పంపు ఎన్ని లీటర్లకు పడిపోతుందో చూస్తారు. కుడి పక్క తోసినంత ఎడమ పక్క తోయలేకపోతే నకిలీ ఊపిరితిత్తుల గది నిండిపోతుంది. రక్తకణాలు నలుగుతాయా అన్నది గ్లిజరిన్ చెప్పదు. అందుకు ఆవు రక్తం గంటల తరబడి తిప్పాలి.

మన దేశంలో ఇలా పరీక్షించి చూసే ఓపికకు సాక్ష్యం తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థ. అక్కడ గుండె శస్త్రవైద్యుడు వలియత్తాన్ బృందం చేసింది గుండె కాదు, కవాటం. నిమిషానికి 72 చొప్పున ఏడాదికి దాదాపు 3.8 కోట్ల సార్లు తెరుచుకోవాలి కాబట్టి, పరీక్ష యంత్రం దాన్ని ఎన్నో రెట్ల వేగంతో కొట్టిస్తుంది. మొదటి నమూనాలో, కవాటం బిళ్లను పట్టి ఉంచే లోహపు కాడ విరిగింది. రెండోదానిలో కృత్రిమ నీలమణి బిళ్ల టైటానియాన్ని అరగదీసింది. మూడోదానిలో ఆ నీలమణే చిట్లింది. పాలిథిలీన్ బిళ్లతో నాలుగోది నిలిచింది. 1990 డిసెంబరు 6న తొలి రోగికి అమర్చారు.