గుండు మొన మీద కంత

సైన్యం వాడే తూటా కోట్లలో తయారవుతుంది. దానికి ముందు కావాల్సింది ఏ వానలోనైనా, ఏ బురదలోనైనా నమ్మకంగా పేలడం. గురి సంగతి ఆ తర్వాతే. మనిషంత లక్ష్యానికి ఆపాటి గురి చాలు. కాగితం మీది వలయాల నడిమధ్యలోనే కొట్టాలనుకునేవాడికి మాత్రం చాలదు.

అందుకే అమెరికాలో గురిపందేల వాళ్లు ఒక కిటుకు పట్టారు. సైన్యం తూటాలోంచి గుండు ఊడబీకి, అదే ఇత్తడి గొట్టంలో దాదాపు అంతే బరువున్న పోటీ గుండుని బిగించడం. దీన్ని వాళ్లు ‘మెక్సికన్ మ్యాచ్’ అంటారు. అతుకుల పనికి పొరుగుదేశం పేరు తగిలించే వెటకారం! అలాంటి పేర్లు మనకీ తక్కువేం కాదు లెండి.

గుండు మారిస్తే గురి ఎందుకు కుదురుతుంది? మామూలు సైనిక గుండుకి రాగి తొడుగుని మొన వైపు మూసి, సీసం నింపి, తోక దగ్గర మడుస్తారు. గొట్టం దాటే క్షణంలో వాయువు తోసేది ఆ తోకనే. అక్కడ ఏ కాస్త వంకర ఉన్నా గుండు దారి తప్పుతుంది. పోటీ గుండుని తిరగేసి చేస్తారు: తోక నున్నగా మూసుకుని ఉంటుంది, మొన మీద సూదిబెజ్జం లాంటి కంత మిగిలిపోతుంది.

పేచీ అంతా ఆ కంతతోనే. 1980 ప్రాంతంలో అమెరికా సైన్యం పోటీల కోసం ఇలాంటి సియెరా గుండుతోనే ఎం852 అనే తూటా తెచ్చింది. పెట్టె మీద మాత్రం ‘యుద్ధానికి కాదు’ అని అచ్చేసింది.

ఆ భయం మూలాలు కలకత్తా పక్కన డమ్‌డమ్‌లో ఉన్నాయి. 1895లో చిత్రాల్ పోరు తర్వాత, .303 గుండు శత్రువుని ఆపడం లేదని బ్రిటిష్ సైన్యం ఫిర్యాదు చేసింది. డమ్‌డమ్ ఆయుధాగారంలో కెప్టెన్ నెవిల్ బర్టీ-క్లే మొన దగ్గర తొడుగు తగ్గించి సీసం బయటపెట్టాడు. గుండు ఒంట్లో విచ్చుకుంటుంది. 1899లో హేగ్‌లో దాన్ని నిషేధించే ప్రకటన వచ్చింది. నాగరికుడు దెబ్బ తగిలితే ఆగుతాడు, అనాగరికుడు ఆగడు అన్నది అక్కడ బ్రిటన్ ప్రతినిధి సర్ జాన్ ఆర్డా వాదన. ఆ ‘అనాగరికుడు’ ఎవరో వేరే చెప్పాలా? బ్రిటన్ 1907లో గానీ ఒప్పుకోలేదు.

తొడుగు సీసాన్ని పూర్తిగా కప్పని గుండు అని ఆ ప్రకటన ఉదాహరణ ఇస్తుంది. అక్షరాలా చదివితే పోటీ గుండు కూడా దొరికిపోతుంది. 1985లో అమెరికా సైన్యపు న్యాయవాది హేస్ పార్క్స్ వేరేలా చదివాడు: ఆ కంత గురి కోసం చేసిన పనిలో మిగిలినదే తప్ప గుండు విచ్చుకోవడానికి పెట్టింది కాదు, కాబట్టి స్నైపర్లు వాడొచ్చు. 1990లో మళ్లీ అదే మాట రాశాడు.

సాంకేతికంగా ఈ వాదన నాకు ఒప్పే. డమ్‌డమ్ గుండునీ దీన్నీ ఒకే గాటన కట్టలేం. కానీ తగిలినవాడికి తయారుచేసినవాడి ఉద్దేశంతో ఏం పని? అమెరికా 1899 ప్రకటనలో ఎన్నడూ చేరలేదు. అయినా పార్క్స్ ఆ ప్రశ్నని తప్పించుకోలేదు. అనవసరమైన బాధ కలిగించే ఆయుధాలు కూడదన్న హేగ్ నియమం ముందు ఈ గుండుని పెట్టి, గాయాల తీరు కూడా చూశాకే సరేనన్నాడు.