కొండవీటి విద్యాధికారి

డిగ్రీ విద్యార్థులకు శ్రీనాథుణ్ణి చెప్పిన ప్రతిసారీ నేను పద్యాలకంటే ముందు ఆయన ఉద్యోగం గురించి మాట్లాడేవాణ్ణి. కొండవీటి రాజు పెదకోమటి వేమారెడ్డి కొలువులో ఆయన విద్యాధికారి. చదువు కోసం రాజ్యం ఒక పదవినే ఏర్పరచిందంటే అది చిన్న సంగతి కాదు. పండితుల పాండిత్యాన్ని పరీక్షించడం, సత్కారానికి తగినవారిని రాజుకు చూపడం ఆ పదవి పనులని పెద్దలు చెబుతారు. శాసనాల రచన మాత్రం రాతి మీదే సాక్ష్యంగా ఉంది.

కొండవీటికి దగ్గరలోని ఫిరంగిపురం వెళ్లండి. పెదకోమటి రాణి సూరాంబ తవ్వించిన సంతానసాగరం చెరువును చెప్పే 1409 నాటి శాసనం శ్రీనాథుడు కూర్చినదే. ఆ చెరువుకు నీళ్లు తెచ్చిన జగనొబ్బగండ కాలువ సంగతి అమీనాబాదు శాసనంలో ఉంది. అదీ ఆయనదే. ఇంత పెద్ద కవి చెరువు కోసం, కాలువ కోసం కలం పట్టడం నాకు కావ్యమంత గొప్పగా తోస్తుంది.

మరి ఈ పండితులకు డబ్బు? అగ్రహారాలు. ఊరి శిస్తు పండితుడికి చేరేది, దానితో ఇల్లు గడిచేది, శిష్యులకు చదువు సాగేది. రాజ్య స్థాపకుడు ప్రోలయ వేమారెడ్డి కాలం నుంచీ ఇదే పద్ధతి. రాజులూ చదువుకున్నవారే: పెదకోమటి స్వయంగా అమరుక కావ్యానికి శృంగారదీపిక అనే వ్యాఖ్య రాశాడు.

ఈ ఏర్పాటంతా రాజు మీదే నిలిచింది. 1420 ప్రాంతంలో పెదకోమటి పోయాడు. కొద్ది ఏళ్లకే రాజ్యమూ పోయింది. విద్యాధికారి కొత్త ప్రభువులను వెతుక్కుంటూ చివరికి రాజమహేంద్రవరం చేరాడు.