బేరార్ లేని బేరార్ యువరాజు

రుద్రారం, పటాన్‌చెరు, సంగారెడ్డి 1948 దాకా నిజాం ఏలుబడిలో ఉన్న ఊళ్లు. ఆ ప్రభువు బిరుదులో 1936 నుంచి రెండు పేర్లు జంటగా వినిపించేవి: 'హైదరాబాద్, బేరార్‌ల నిజాం'. ఆయన పెద్దకొడుకు ఆజం జా 'ప్రిన్స్ ఆఫ్ బేరార్'. బేరార్ అంటే పత్తికి పేరుమోసిన నల్లరేగడి సీమ, ఇప్పటి విదర్భలోని అమరావతి, అకోలా ప్రాంతం. అక్కడ పన్ను వసూలు చేసేది మాత్రం తండ్రీ కాదు, కొడుకూ కాదు.

వారసుడికి ఒక సీమ పేరు పెట్టి పిలవడం యూరప్ రాజుల పాత ఆచారం. వేల్స్‌ను జయించిన ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డ్ 1301లో తన కొడుకును 'ప్రిన్స్ ఆఫ్ వేల్స్' చేశాడు. ఫ్రాన్స్ రాజవంశం 1349లో దోఫినే సీమను కొనుక్కుంది. యువరాజుకు 'దోఫెన్' అన్న పేరు అలా వచ్చింది. స్పెయిన్‌లో అస్తూరియాస్ బిరుదు 1388 నాటిది. ఆ రాజులు తమ చేతికి వచ్చిన నేల పేరే కొడుకుకు పెట్టారు. హైదరాబాదులో జరిగింది దీనికి తలకిందులు.

కథ అప్పుతో మొదలైంది. 'హైదరాబాద్ కంటింజెంట్' అనే సైన్యం మీద అదుపు ఈస్టిండియా కంపెనీది, ఖర్చు నిజాంది. జీతాల బకాయిలు కొండలా పెరిగాయి. చివరికి 1853లో నిజాం నాసిరుద్దౌలా బేరార్‌ను, ధారాశివ్‌ను, రాయచూరు అంతర్వేదిని కంపెనీ పాలనకు అప్పగించాడు. 1857 తిరుగుబాటులో హైదరాబాద్ ఆంగ్లేయుల పక్షాన నిలిచినందుకు 1860లో ధారాశివ్, రాయచూరు తిరిగొచ్చాయి. బేరార్ రాలేదు. దాన్ని రాబట్టడానికి దివాను సాలార్‌జంగ్ ఏళ్ల తరబడి పట్టు విడవలేదు. 1902లో వైస్రాయి కర్జన్, నిజాం మహబూబ్ అలీ ఖాన్‌ను ఒప్పించి ఏటా 25 లక్షల రూపాయలకు బేరార్‌ను శాశ్వత కౌలుకు తీసుకున్నాడు. ఆజం జా తండ్రి ఉస్మాన్ అలీ ఖాన్ 1923లో మళ్లీ తగవు తీశాడు. 1926లో వైస్రాయి రీడింగ్ రాసిన జవాబు చాలా కటువైనది: ఈ దేశంలో బ్రిటిష్ ప్రభుత్వంతో సమానంగా కూర్చుని వాదించే అర్హత ఏ సంస్థానాధీశుడికీ లేదని.

పదేళ్లకు రాజీ కుదిరింది. 1936 అక్టోబరు ఒప్పందంలో బేరార్ మీద నిజాం సార్వభౌమత్వాన్ని ఆంగ్లేయులు కాగితం మీద ఒప్పుకున్నారు. పాలన మాత్రం సెంట్రల్ ప్రావిన్సులతో కలిపి తమ దగ్గరే ఉంచుకున్నారు. దానికి తోడుగానే యువరాజుకు ఈ బిరుదు. నా దృష్టిలో ఇది సన్మానం కాదు, నేల ఇవ్వడం ఇష్టంలేని వాళ్లు చేతిలో పెట్టిన పరిహారం. ఎనభై ఏళ్ల ఫిర్యాదుకు అది చాలా చిన్నది.

ఆజం జా 1907లో పుట్టాడు. 1931 నవంబరులో ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో, చివరి ఖలీఫా అబ్దుల్ మజీద్ కూతురు దుర్రుషెహ్వార్‌ను పెళ్లాడాడు. హైదరాబాదులో వాళ్ల నివాసం బెల్లా విస్టా. ఇప్పుడు అందులో అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ ఉంది. ఆయన నిజాం సైన్యానికి అధిపతిగానూ పనిచేశాడు. బేరార్ రాకుమారి పేరు మాత్రం జనంలో మిగిలింది వేరే దారిన: పాతబస్తీ పురానీ హవేలీలోని పిల్లల ఆస్పత్రి ఆమె పేరుతోనే ఉంది.

బేరార్ 1956లో బొంబాయి రాష్ట్రంలో, 1960లో మహారాష్ట్రలో కలిసింది. 1967లో ఉస్మాన్ అలీ ఖాన్ కన్నుమూసినప్పుడు వారసత్వం కొడుకును దాటి మనవడు ముకరం జాకు వెళ్లింది. దాంతో ఆజం జా నిజాం కాలేదు, 1970లో చనిపోయేదాకా బేరార్ యువరాజుగానే ఉన్నాడు. మరుసటి ఏడాది 26వ రాజ్యాంగ సవరణ సంస్థానాధీశుల గుర్తింపునే రద్దు చేసింది.