సంబంధిత భాషలు

ఒకే మూలభాష నుంచి కాలక్రమంలో చీలి వచ్చినవి సంబంధిత భాషలు. తెలుగులో వీటిని సోదర భాషలని కూడా అంటారు. ఇంగ్లిషులో వీటికి వాడే ‘రిలేటెడ్’ అన్న విశేషణం మామూలు వ్యవహారంలో రక్తసంబంధానికీ చెల్లుతుంది, ఏ కాస్త పొత్తు ఉన్న విషయానికైనా చెల్లుతుంది. భాషాశాస్త్రం దాన్ని పుట్టుకకే పరిమితం చేసింది. ఈ కట్టుబాటు లేకపోతే పోలిక, సహవాసం, పుట్టుక ఒకదానిలో ఒకటి కలిసిపోయి భాషల చరిత్ర రాయడమే అసాధ్యమవుతుంది. తెలుగు పుట్టుక గురించి జరిగిన చర్చే ఇందుకు మంచి నిదర్శనం.

1786లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీలో విలియం జోన్స్ సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని ప్రతిపాదించాడు. ఆ తరువాత దక్షిణాది భాషలు కూడా సంస్కృత జన్యాలేనన్న అభిప్రాయం పండితుల్లో బలపడింది. దాన్ని కాదన్నవాడు మద్రాసు కలెక్టరు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్. 1816లో అచ్చయిన క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం పీఠికకు జోడించిన వివరణలో తెలుగు ధాతువులను సంస్కృత ధాతువులతోనూ, తమిళ కన్నడ ధాతువులతోనూ పక్కపక్కన పెట్టి చూపాడు. తత్సమ, తద్భవ, దేశ్య పదాలను మన వ్యాకర్తలు ముందే వేరు చేసి పెట్టారు. మామిడి వెంకయ్య నిఘంటువు ‘ఆంధ్రదీపిక’ ఎల్లిస్ వాదానికి ఆధారమైంది. 1856లో కాల్డ్వెల్ తులనాత్మక వ్యాకరణంతో ద్రావిడ భాషాకుటుంబం అన్న భావన స్థిరపడింది.

బంధుత్వానికి రుజువు పోలిక కాదు, క్రమం తప్పని ధ్వని మార్పు. పులి–హులి, పాలు–హాలు, పంది–హంది జంటల్లో తెలుగు పకారానికి కన్నడంలో హకారం వస్తుంది. హళగన్నడలో, అంటే పాత కన్నడంలో, అక్కడ పకారమే ఉండేది. చెవి–కివి, చెరువు–కెరె, చెడు–కెడు జంటల్లో తెలుగు చకారానికి కన్నడ కకారం సరిపోతుంది. వినడానికి దూరంగా ఉన్నా ఇవి ఒకే మూలం నుంచి వచ్చిన మాటలు. ఇందుకు భిన్నంగా పారసీక ‘బద్’, ఇంగ్లిషు ‘బ్యాడ్’ ధ్వనిలోనూ అర్థంలోనూ ఒకటిగా తోచినా వాటి మధ్య చుట్టరికం లేదు, అది కేవలం కాకతాళీయం.

తెలుగులో ఇన్ని సంస్కృత పదాలుండగా అది సంస్కృతం నుంచి పుట్టలేదని ఎలా అనగలమన్నది తరచూ వినిపించే ఆక్షేపణ. అరువు ఎంత పెద్దదైనా వంశాన్ని మార్చదు. సర్వనామాలు, చిన్న సంఖ్యలు, క్రియా ప్రత్యయాలు అరువుకు అంత తేలిగ్గా లొంగవు. తెలుగులో అవి ద్రావిడానివే. కన్నడ తమిళాలతో పోలికలు మాత్రం ఇరుగుపొరుగు వల్ల వచ్చినవి కావా అన్నది మరో ప్రశ్న. కొన్ని అలా వచ్చినవే. అయితే ఎక్కడో బలూచిస్తాన్‌లోని ద్రావిడ భాష బ్రాహుయీలో కంటిని ‘ఖన్’ అనీ, తమిళంలో ‘కల్’ అనే రాయిని ‘ఖల్’ అనీ అంటారు. రెండు చోట్లా కకారం ఒకే తీరున ఖకారమైంది. ఈ క్రమాన్ని ఇరుగుపొరుగుతో వివరించలేం.

సహవాసాన్ని చిన్నచూపు చూడాలని దీని అర్థం కాదు. వేర్వేరు కుటుంబాల భారతీయ భాషలు కలిసి బతకడం వల్ల లక్షణాలు పంచుకున్నాయని 1956లో భాషాశాస్త్రవేత్త ఎమెనో నిరూపించాడు. తెలుగుకు సంస్కృతంతో ఉన్న గాఢమైన అనుబంధం ఆ కోవలోనిది. పుట్టుకనూ పొత్తునూ విడివిడిగా గుర్తించినప్పుడే రెండింటి విలువా సరిగ్గా తెలుస్తుంది.