రేషన్ మిషన్‌లో వేలిముద్ర ఫెయిల్ అయిందా? ఎర్రర్ కోడ్ ఎంతో అడగండి

రేషన్ షాపులో ఈపాస్ మిషన్‌పై వేలు పెడితే ‘ఫెయిల్’ అని వస్తుంది. ‘సర్వర్ పనిచేయట్లేదు, రేపు రండి’ అని డీలర్ చెప్తారు. నిజంగా సర్వర్ సమస్యే అయి ఉండొచ్చు, కాకపోనూ వచ్చు. వెనక్కి వచ్చేముందు తెరపై ఏ ఎర్రర్ కోడ్ వచ్చిందో అడిగి రాసుకోండి.

మీ వేలిముద్ర ఆధార్ సంస్థ ఉడాయ్ సర్వర్ దాకా వెళ్తుంది. అక్కడ ధ్రువీకరణ కాకపోతే ఎందుకు కాలేదో ఒక అంకె రూపంలో జవాబు వస్తుంది. 300 అంటే వేలిముద్ర సరిపోలలేదని. కూలి పనితో వేళ్ల గీతలు అరిగినా, చేయి తడిగా ఉన్నా, సెన్సర్‌పై దుమ్మున్నా ఇలా జరుగుతుంది. చేయి తుడుచుకుని వేరే వేలు పెట్టి చూడొచ్చు. 330 సంగతి వేరు. ఆధార్ బయోమెట్రిక్‌ను మీరు లాక్ చేసుకున్నారని దానర్థం. మోసాల భయంతో పిల్లలు అమ్మానాన్నల ఆధార్ లాక్ చేసి, ఆ మాట చెప్పడం మరిచిపోయిన ఇళ్లలో ఇది ఎదురవుతుంది. అప్పుడు పది వేళ్లూ పెట్టినా లాభం లేదు. మైఆధార్ పోర్టల్‌లో అన్‌లాక్ చేయాల్సిందే. 998 వస్తే ఆధార్ నంబరే చెల్లలేదన్నమాట. రేషన్ కార్డుకు సరైన నంబరే జతచేశారా అన్నది చూడాలి. 561 వస్తే అభ్యర్థన గడువు దాటిందని. అందులో కార్డుదారు తప్పు ఏమీ లేదు.

ఒక్కో కోడ్‌కు ఒక్కో పరిష్కారం ఉంది. ప్రోగ్రామ్ రాసేవారు వీటన్నిటినీ ‘సాంకేతిక లోపం’ అన్న ఒక్క ముక్కలో చుట్టేస్తే డీలర్‌కూ ఏం చెప్పాలో తెలియదు. ఏం జరిగింది, ఎవరు సరిచేయాలి, ఇప్పుడేం చేయాలి అన్నవి తెలుగులో తెరపై కనిపించాలి. ఇదేమీ పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు.

అసలు జవాబే రాకపోవడం ఇంకో చిక్కు. అభ్యర్థన ఓకే అయి, తిరుగుదారిలో జవాబు పోయి ఉండొచ్చు. అందుకే సరిగా రాసిన సాఫ్ట్‌వేర్ కొత్తగా మళ్లీ పంపేముందు పాత లావాదేవీ నంబర్‌తో పరిస్థితి తెలుసుకుంటుంది. మీరు కూడా మీ కార్డుపై ఈ నెల సరుకు ఇచ్చినట్టు నమోదైందేమో డీలర్‌తో చూపించుకోండి.

రుజువు కావాలా? ప్రతి ప్రయత్నానికీ లాగ్, అంటే నమోదు ఉంటుంది. ఆధార్‌కు ఫోన్ నంబర్ జతై ఉంటే మైఆధార్‌లో ఓటీపీతో లాగిన్ అయి ‘అథెంటికేషన్ హిస్టరీ’ తెరవండి. గత 6 నెలల్లో ఏ తేదీన, ఏ సమయానికి, ఏ సంస్థ మీ ఆధార్‌ను అడిగింది, ఫలితమేంటి, ఎర్రర్ కోడ్ ఎంత అన్నది కనిపిస్తుంది. మీరు షాపుకు వెళ్లిన రోజు నమోదే లేకపోతే అభ్యర్థన ఉడాయ్ దాకా చేరి ఉండకపోవచ్చు. అప్పుడు చూడాల్సింది మిషన్, నెట్‌వర్క్, పౌర సరఫరాల సర్వర్.

లాగ్‌లో మీ వేలిముద్ర ఉంటుందేమోనన్న అనుమానం అక్కర్లేదు. ధ్రువీకరణ కోరే సంస్థలు బయోమెట్రిక్‌ను నిల్వ చేయకూడదు. లావాదేవీ వివరాలను మాత్రం 2 ఏళ్లు ఉంచాలి, వాటిని చూసే హక్కు మీకుంది.

ఇక ముఖ్యమైన విషయం. వేలిముద్ర పడలేదన్న ఒక్క కారణంతో సరుకు నిరాకరించకూడదని 2017 అక్టోబర్ 24నే కేంద్రం రాష్ట్రాలకు స్పష్టం చేసింది. ఇలాంటివారికి కార్డు చూసి సరుకిచ్చి, ఆ వివరాన్ని విడిగా లాగ్ బుక్‌లో రాయాలి. డీలర్ కాదంటే రేషన్ హెల్ప్‌లైన్ 1967కు, ఆధార్ సమస్యైతే 1947కు ఫోన్ చేయండి. ‘మిషన్ పనిచేయలేదు’ అని ఊరుకోకుండా షాపు నంబర్, తేదీ, సమయం, ఎర్రర్ కోడ్ చెప్పండి. ఫిర్యాదు నంబర్ తీసుకున్నాకే ఫోన్ పెట్టేయండి.