ముందు లెన్సు, తరువాతే కెమెరా
తొలి రేంజ్‌ఫైండర్ ఎంపికకు ఒక కరదీపిక

సూళ్లూరుపేటలోనో తడలోనో ఉదయం లోకల్ రైలెక్కి, గుమ్మిడిపూండి, పొన్నేరి, ఎన్నూరు దాటి తిరువొత్తియూరులో దిగడం సరిహద్దు పల్లెల కుటుంబాలకు కొత్త కాదు. కొందరిది త్యాగరాజస్వామి, త్రిపురసుందరి దర్శనం. కొందరిది ఇక్కడి కర్మాగారాలలో పనికి వచ్చి స్థిరపడిన బంధువుల ఇంటి శుభకార్యం. వాగ్గేయకారుడు త్యాగయ్య ఇక్కడి అమ్మవారిపై రచించిన ఐదు కృతులు తిరువొత్తియూరు పంచరత్నాలుగా ప్రసిద్ధి పొందినందున, తెలుగువారికి ఈ ఊరితో చుట్టరికం పాతదే.

ఇటువంటి ప్రయాణాలలో ఫిలిం కెమెరా పట్టుకునే యువకులు మళ్లీ కనిపిస్తున్నారు. మాసి ఉత్సవంలో తేరు ఏడాదికొకసారే కదులుతుంది. అవ్వాతాతలు ఒకే గుమ్మంలో కూర్చుని నవ్విన క్షణం మరల దొరుకుతుందన్న హామీ లేదు. రీలులో ఉండేవి 36 బొమ్మలే. రీలుకూ, దానిని కడిగించడానికీ వందల రూపాయలు ఖర్చవుతాయి. కనుక కెమెరా ఎంపికలో జరిగే పొరపాటు డబ్బుతో ఆగదు, బొమ్మనూ పోగొడుతుంది.

చాలామంది చేసే పొరపాటు ఒక్కటే. అందంగా ఉన్నదనో, పేరున్నదనో ముందు కెమెరా కొంటారు. తమకు కావలసిన లెన్సు దానికి పొసగదని తరువాత తెలుసుకుంటారు. రేంజ్‌ఫైండర్ విషయంలో ఈ వరుసను తలకిందులు చేయాలి. ముందు లెన్సు నిర్ణయించుకొని, ఆ లెన్సుకు తగిన కెమెరాను వెదకాలి.

రేంజ్‌ఫైండర్ పనిచేసే తీరు

ఎస్.ఎల్.ఆర్. కెమెరాలో అద్దం సాయంతో లెన్సు గుండానే దృశ్యాన్ని చూస్తాము. రేంజ్‌ఫైండర్‌లో అద్దం ఉండదు. లెన్సుతో సంబంధం లేని వేరొక గాజుకిటికీ గుండా చూడాలి. ఆ కిటికీ నడుమ చిన్న వెలుగుమచ్చలో వస్తువు రెండు బొమ్మలుగా కనిపిస్తుంది. లెన్సు చుట్టూ ఉన్న కడియాన్ని తిప్పగా ఆ రెండూ ఒకటైనప్పుడు ఫోకస్ కుదిరినట్టు. 1932 నాటి లైకా 2 నుంచి ఇదే సూత్రం.

ఇందులో లాభం ఉన్నది. కెమెరా చిన్నది, శబ్దం తక్కువ. బొమ్మ తీసే క్షణంలో కూడా దృశ్యం కంటికి మరుగుపడదు. నష్టమూ ఉన్నది. లెన్సు ఏమి చూస్తున్నదో కంటికి తెలియదు. మూత తీయకుండానే రీలంతా పూర్తి చేసినవారు లేకపోలేదు. దగ్గరి వస్తువులకు కూడా ఇది తగదు. పాత లెన్సులు చాలావరకు ఒక మీటరు కంటె దగ్గరకు ఫోకస్ కావు. పువ్వులు, నగల వివరాలు తీయదలచినవారు ఎస్.ఎల్.ఆర్. కొనుక్కోవడమే మేలు.

ఏ లెన్సు ఎంత చూపుతుంది?

లెన్సు మీద మిల్లీమీటర్లలో రాసి ఉండే అంకె దాని నాభ్యంతరం. అంకె తగ్గినకొద్దీ ఎక్కువ వెడల్పు పడుతుంది, పెరిగినకొద్దీ దూరపు వస్తువు దగ్గరవుతుంది. 35 మి.మీ. ఫిలిం మీద, 3 మీటర్ల దూరం నుంచి, కెమెరాను అడ్డంగా పట్టుకొని తీసినప్పుడు పట్టే వెడల్పు సుమారుగా ఇదీ:

28 మి.మీ. లెన్సుకు 3.9 మీటర్లు
35 మి.మీ. లెన్సుకు 3.1 మీటర్లు
50 మి.మీ. లెన్సుకు 2.2 మీటర్లు
90 మి.మీ. లెన్సుకు 1.2 మీటర్లు

సన్నిధి వీధి వంటి రద్దీ చోట వెనక్కి జరగడానికి తావుండదు. అక్కడ బంధువులందరినీ ఒక బొమ్మలో పట్టాలంటే 35 మి.మీ. అనువు. ఇంటి అరుగు మీద ఒకరిద్దరి బొమ్మకు 50 మి.మీ. చక్కగా సరిపోతుంది. కెమెరాను నిలువుగా తిప్పితే అదే 3 మీటర్ల నుంచి నిలుచున్న మనిషి ఆపాదమస్తకం పడతాడు. తేరు మీది స్వామినో, ఎదుటి మేడ మీది ముఖాలనో తీయాలంటే 90 మి.మీ. కావాలి.

తనకు ఏది నచ్చుతుందో తెలియనివారు ఇంట్లో ఉన్న పాత బొమ్మలను ముందేసుకొని చూడాలి. ఇష్టపడిన బొమ్మలలో మనుషుల చుట్టూ వీధి కూడా కనిపిస్తున్నదా, ముఖాలే నిండి ఉన్నాయా? మొదటిదైతే 35, రెండవదైతే 50 లేదా 90. ఫ్రెంచి ఛాయాగ్రాహకుడు ఆన్రి కార్తియే-బ్రెసన్ 1950లో తిరువణ్ణామలైలో రమణ మహర్షి చివరి దినాలను చిత్రించారు. ఆయన జీవితంలో అధిక భాగం వాడినది 50 మి.మీ. లెన్సే. ఒక్క లెన్సుతో గడవదన్న భయం అనవసరం.

హద్దు గీతలను చూడండి

కిటికీలో కనిపించే దృశ్యమంతా ఫిలిం మీద పడదు. ఏ లెన్సుకు ఎంత పడుతుందో తెలిపే వెలుగు గీతలు అందులో ఉంటాయి. అన్ని కెమెరాలలో అన్ని లెన్సుల గీతలూ ఉండవు. లెన్సును ముందు నిర్ణయించుకోవాలనడానికి మొదటి కారణం ఇదే.

50 మి.మీ. ఇష్టమైనవారికి 1954లో వచ్చిన లైకా ఎం3 శ్రేష్ఠం. దానిలో 50, 90, 135 గీతలు ఉన్నాయి, దృశ్యం దాదాపు కంటికి కనిపించినంత పరిమాణంలో ఉంటుంది. కాని 35కు గీతలు లేవు. దానికి విడి వ్యూఫైండర్ గాని, కళ్లజోడు వంటి అమరిక గల ప్రత్యేక లెన్సు గాని కావాలి. 35 ఇష్టమైనవారు 1957 నాటి ఎం2 చూడాలి. దానిలో 35, 50, 90 గీతలున్నాయి. 1967 నాటి ఎం4లో 135 కూడా చేరింది. 1984లో వచ్చిన ఎం6లో 28 నుంచి 135 వరకు ఆరు గీతలతో పాటు వెలుతురు కొలిచే మీటరు కూడా ఉన్నది. ఎం6ను 2022లో తిరిగి విడుదల చేశారు. ఇవన్నీ ఖరీదైనవే.

కొంత తక్కువలో జపాను కెమెరాలు ఉన్నాయి. కెనన్ పి లో 35, 50, 100 గీతలు, 1961 నాటి కెనన్ 7లో 35, 50, 85, 100, 135 గీతలు కనిపిస్తాయి. ఓయిక్ట్‌లాండర్ పేరుతో వచ్చిన బెస్సా ఆర్2ఎ 35, 50, 75, 90 లెన్సులకూ, ఆర్3ఎ 40, 50, 75, 90 లెన్సులకూ, ఆర్4 నమూనాలు 21 నుంచి 50 వరకూ తగినవి. బెస్సాల తయారీ ఆగిపోయింది గనుక పాతవే కొనాలి. మినోల్టా సి.ఎల్.ఇ. చిన్నది, 28, 40, 90 లెన్సులకు సరిపోతుంది. అయితే అది ఎలక్ట్రానిక్ కెమెరా. లోపలి సర్క్యూటు చెడితే బాగుచేయడం కష్టం.

సోవియట్ జోర్కి 4, ఫెడ్ కెమెరాలు చవకైనవి. జోర్కి 4 వ్యూఫైండర్ 50కి మాత్రమే. అందులో షట్టరు బిగించిన తరువాతనే వేగాన్ని మార్చాలి. ముందు మార్చితే లోపలి యంత్రం పాడుకావచ్చు.

మర బిగింపు, బయొనెట్ బిగింపు

పాత లైకాలు, పైన చెప్పిన కెనన్‌లు, జోర్కి, ఫెడ్ కెమెరాలు 39 మి.మీ. మర బిగింపువి. లైకా ఎం వరుస, బెస్సా ఆర్2ఎ, ఆర్3ఎ, ఆర్4, సి.ఎల్.ఇ. బయొనెట్ బిగింపువి. మర లెన్సును చిన్న కడియం సాయంతో ఎం కెమెరాకు తగిలించవచ్చు. ఎం లెన్సును మర కెమెరాకు తగిలించడం కుదరదు. కాబట్టి తాతగారి పెట్టెలో మర లెన్సు దొరికినవారికి రెండు దారులూ తెరిచి ఉన్నాయి. ఎం లెన్సు ఉన్నవారికి ఒక్కటే దారి. సోవియట్ జూపిటర్ 12 వంటి 35 మి.మీ. లెన్సుకు వెనుక గాజు బాగా లోపలికి పొడుచుకొని ఉంటుంది. అది కొన్ని కెమెరాల లోపలి భాగాలకు తగలవచ్చు గనుక బలవంతంగా బిగించరాదు.

ఫోకస్ ఖచ్చితత్వం

రెండు కిటికీల నడుమ దూరాన్ని, వ్యూఫైండర్‌లో దృశ్యం కనిపించే పరిమాణంతో గుణిస్తే వచ్చేది రేంజ్‌ఫైండర్ సత్తా. లైకా ఎం3కి అది సుమారు 62 మి.మీ., ఎం2, ఎం4లకు 50, బెస్సా ఆర్3ఎకు 37, బెస్సా ఆర్2ఎకు 26, 1973లో వచ్చిన చిన్న లైకా సి.ఎల్.కు 19.

ఈ అంకె ఎవరికి ముఖ్యం? మంటపాల నీడలో దీపకాంతికి తీయడానికి ఎఫ్ 1.4 వంటి లెన్సు కోరుకునేవారికి. 50 మి.మీ. లెన్సును ఎఫ్ 1.4 వద్ద తెరిచి ఒక మీటరు దూరంలోని ముఖాన్ని తీస్తే, స్పష్టంగా వచ్చే లోతు మూడు నాలుగు సెంటీమీటర్లే. కన్ను స్పష్టమైతే చెవి మసకబారుతుంది. అటువంటి లెన్సుకూ, 90కీ ఎక్కువ సత్తా గల కెమెరా ఉండాలి. 35 మి.మీ. వారికి ఆ చింత లేదు. పగటివేళ ఎఫ్ 8 వద్ద 3 మీటర్లకు ఫోకస్ పెట్టి ఉంచితే సుమారు 1.9 నుంచి 7.3 మీటర్ల వరకు స్పష్టంగానే వస్తుంది. తేరు ముందు పరుగెత్తే పిల్లలను ఇలాగే పట్టాలి.

తక్కువ సొమ్ముతో మొదలుపెట్టేవారికి

లెన్సు మార్చడం అవసరమా అన్నది ముందుగా వేసుకోవలసిన ప్రశ్న. యాషికా ఎలక్ట్రో 35లో 45 మి.మీ., కెనొనెట్ క్యూ.ఎల్.17 జి3లో 40 మి.మీ. లెన్సులు కెమెరాకే బిగించి ఉంటాయి. రెండూ ఎఫ్ 1.7. ఇవి 35కూ 50కీ మధ్యస్థమైనవి. వీటితో నాలుగైదు రీళ్లు తీసినవారికి ఇంకా వెడల్పు కావాలో, ఇంకా దగ్గర కావాలో తేలిపోతుంది. వీటికి వాడిన పాదరసం సెల్లులు ఇప్పుడు తయారు కావడం లేదు. బదులు సెల్లుతో మీటరు పనిచేస్తున్నదో లేదో చూసి కొనాలి.

పాతది కొనేముందు

తిరువొత్తియూరు వంటి సముద్రతీరాన ఉప్పుగాలి, తేమ లెన్సుకు శత్రువులు. లెన్సు గుండా దీపాన్ని చూసి లోపల బూజు తీగలు, మసక ఉన్నాయేమో పరిశీలించాలి. లెన్సు విప్పి, షట్టరు తెర వెనుక దీపం పెట్టి సూదిబెజ్జాలు వెదకాలి. రేంజ్‌ఫైండర్ పరీక్షకు సముద్రపు ఒడ్డే తగిన చోటు. దూరాన లంగరు వేసిన ఓడను చూసి కడియాన్ని చివరివరకు తిప్పితే రెండు బొమ్మలూ ఒకటి కావాలి. కాకపోతే సరిచేయించిన తరువాతే రీలు వేయాలి.

ఇంటికి తెచ్చిన తరువాత కెమెరాను తోలు సంచిలో బంధించక, తేమను పీల్చే సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరబడని డబ్బాలో ఉంచాలి. ఎండలో లెన్సును సూర్యుని వైపు తిప్పి వదలరాదు. అద్దం అడ్డు లేనందున, భూతద్దం కింద కాగితం కాలినట్టు గుడ్డ తెర కాలిపోతుంది.

చివరగా, ఉత్సవం రోజున మొదటి రీలు వేయవద్దు. ఒక నెల ముందే కొని, ఇంటివారి బొమ్మలతో ఒక రీలు పూర్తి చేసి కడిగించి చూడాలి. తప్పులన్నీ ఆ రీలులోనే బయటపడనివ్వాలి. తేరు కదిలే వేళకు చేతికి కడియం అలవాటై ఉంటుంది. అప్పుడు కన్ను కెమెరా మీద కాక, ఎదురుగా నిలిచిన అవ్వ ముఖం మీదనే ఉంటుంది.